వెనక్కి తిరగని నౌకాదళం

గనులు మూతబడిన నాలుగో ఏడు, జూన్ నెలలో, కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో కొత్తగా వెలసిన ఒక మెరైన్ శిక్షణ సంస్థలో నేను సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. ఉద్యోగ జీవితమంతా వాణిజ్య నౌకల ఇంజను గదుల్లో గడిపి, ఛీఫ్ ఇంజనీరుగా పదవీ విరమణ చేసి, పుట్టిన ఊరికి వచ్చి అప్పటికి ఏడాది. ఓడ ఎటు పోవాలో కెప్టెన్ చెబుతాడు. పోవడానికి కావలసిన ఇంజను, జనరేటర్లు, పంపులు, చివరకు తాగే నీళ్ళు కూడా ఛీఫ్ ఇంజనీరు పూచీ. మా తాత చిత్తూరు జిల్లా పల్లెనుంచి గనిపనికి వచ్చినవాడు, మా నాన్న గని వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ వరసలో నేలమీద కాక నీళ్ళమీద బతికినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, సంస్థవాళ్ళు వెతుక్కుంటూ నా ఇంటికి వచ్చారు.

సముద్రమెక్కడ, మా ఊరెక్కడ. ఏ తీరానికి పోవాలన్నా బంగారుపేటలో రైలెక్కి సగం రోజు కూర్చోవాలి. అయినా ఆ రోజుల్లో చెరువు సైతం ఎండిపోయిన ఊళ్ళలో మెరైన్ సంస్థలు లేచాయి. మా ఛైర్మన్ అంతకుముందు పాత ఇనుము కాంట్రాక్టరు. ఒక పాత బంగళా అద్దెకు తీసుకుని, వాకిట్లో జెండా కొయ్య పాతించి, పక్కన సిమెంటు దిమ్మె మీద ఒక లైఫ్‌బోటు నిలబెట్టించాడు. దాని అడుగున చిల్లి ఉంది. సంగతేమిటని అడిగితే, "ఈడ నీళ్ళు యాడుండాయి సార్, మునిగేదానికి" అన్నాడు. నేనక్కడ పనిచేసినన్నాళ్ళూ ఆయన నోట విన్న మాటల్లో తర్కానికి నిలిచింది అదొక్కటే.

విద్యార్థులు మాత్రం నిజమైనవాళ్ళు. ఎక్కువమంది గని కార్మికుల కొడుకులు. తండ్రులు ఇంట్లో కూర్చున్నారు. తల్లులో, అన్నలో తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయి చీకటి పడ్డాక వచ్చేవాళ్ళు. వీళ్ళలో సురేశు అనే కుర్రవాడు ఇంజను పనిలో చురుకైనవాడు. పంపు విప్పితే తిరిగి బిగించేటప్పుడు ఒక్క నట్టు మిగల్చడు. వాళ్ళమ్మ మునెమ్మ బెంగళూరులో గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. ఆదివారాలు మా వీధిలోనే కూరగాయలు కొనుక్కుంటూ కనిపించేది. కనిపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "మావాడు ఎప్పుడు వాడ ఎక్కుతాడు సార్?" ఆమె ఓడను వాడ అనేది.

నాకు సమాధానం తెలిసేది కాదు. మెరైన్ కేడెట్ అంటే, తరగతి చదువు అయ్యాక కొంతకాలం ఓడ మీద పనిచేసి, ఆ సముద్రానుభవం చూపించి పరీక్షకు కూర్చోవలసినవాడు. ఓడ దొరక్కపోతే చదివిన చదువు గాలికి పోయినట్టే. ఓడలు సంపాదించడం సంస్థ బాధ్యత. ఛైర్మన్ దగ్గర ఓడలు లేవు, కంపెనీలతో ఒప్పందాలూ లేవు. నెలకొకసారి మద్రాసు పోయి వచ్చేవాడు. వచ్చి, "ఆయితాది" అనేవాడు.

చలికాలం మొదట్లో ఆయన బెంగళూరులో ఏదో నాయకత్వ శిబిరానికి వెళ్ళాడు. అక్కడ టై కట్టుకున్న ఒక శిక్షకుడు, నూరేళ్ళ కిందట రష్యా నౌకాదళం ఒకటి సగం భూగోళం చుట్టి యుద్ధానికి వెళ్ళిన కథ చెప్పాడట. ఎన్ని అడ్డంకులు వచ్చినా వెనక్కి తిరగలేదట. సంకల్పబలం అంటే అదేనట. ఛైర్మన్ కళ్ళు మెరుస్తుండగా తిరిగివచ్చి, 'వెనక్కి తిరగని నౌకాదళం మనకు ఆదర్శం' అని కాంపౌండు గోడ మీద మూడు భాషల్లో రాయించాడు. ఆ కథను కేడెట్లకు పాఠంగా చెప్పమని నాకు ఆదేశమిచ్చాడు. తల్లిదండ్రుల సమావేశంలో కూడా నేనే చెప్పాలి.

శిక్షకుడు చివరి అధ్యాయం చదవలేదు. ఛైర్మన్ మొదటిది కూడా చదవలేదు. కాబట్టి నేను చదవవలసి వచ్చింది. బెంగళూరు గ్రంథాలయంలో దొరికినంత చదివాను. ఇంజనీరుగా చదివాను కాబట్టి, యుద్ధం కంటే బొగ్గు గురించే ఎక్కువ చదివాను.

కేడెట్లకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. అది డ్రెడ్‌నాట్ అనే కొత్తరకం యుద్ధనౌక ఇంకా రాని కాలం. అప్పటి పెద్ద యుద్ధనౌకలో భారీ ఫిరంగులు నాలుగే ఉండేవి. వాటి చుట్టూ రకరకాల చిన్న ఫిరంగులు, నడుము చుట్టూ మందపాటి ఉక్కు కవచం, అడుగున బొగ్గు తినే బాయిలర్లు. మా గనుల్లో కరెంటు దీపాలు వెలిగి అప్పటికి రెండేళ్ళు. జపానుకూ రష్యాకూ యుద్ధం వచ్చింది. చైనా తీరాన రష్యా కోట రేవు ఒకటి ముట్టడిలో చిక్కింది. అందులో చిక్కుకున్న నౌకలను విడిపించడానికి, ప్రపంచానికి మరో కొసన ఉన్న బాల్టిక్ సముద్రం నుంచి మరో దళాన్ని పంపాలని జార్ చక్రవర్తి కొలువు నిర్ణయించింది. 1904 అక్టోబరులో ఆ దళం బయలుదేరింది. దారి పొడుగునా తనదంటూ ఒక్క బొగ్గు రేవు లేదు. ఆ ముక్క కొలువులో అందరికీ తెలుసు. తెలిసినవాళ్ళు ఎవరూ ఓడ ఎక్కవలసిన అవసరం లేదు.

కొత్త నౌకలు కొన్ని అప్పుడే కార్ఖానా వదిలాయి. వాటి ఇంజన్లు పూర్తిగా పరీక్షించలేదు. నావికుల్లో చాలామంది పొలాలనుంచి పట్టుకొచ్చిన రైతులు. బయలుదేరిన వారానికే, ఉత్తర సముద్రంలో చేపలు పట్టుకుంటున్న ఇంగ్లీషు పడవలను రాత్రిపూట చూసి, జపాను టార్పెడో పడవలనుకుని కాల్చారు. జపాను అక్కడికి భూగోళంలో సగం దూరం. ఆ గందరగోళంలో తమ నౌకల మీదే తామే కాల్చుకుని సొంత మతగురువును చంపుకున్నారు. ఈ మాట చెప్పగానే తరగతి నవ్వింది. పడవల్లో చచ్చినవాళ్ళు చేపలు పట్టి బతికే కూలీలని చెప్పాక నవ్వు ఆగింది.

ఇంగ్లండు తన రేవుల్లో బొగ్గు ఇవ్వనంది. జర్మనీ బొగ్గు ఓడలు వెంట నడిచాయి. మళ్ళీ ఎక్కడ దొరుకుతుందో తెలియదు కనుక దొరికినచోటల్లా మోయగలిగిన దానికి రెట్టింపు నింపుకున్నారు. బొగ్గు నిలవచేసే కొట్లు నిండాయి; డెక్కుల మీద పోశారు, అధికారుల గదుల్లో పోశారు, స్నానాల గదుల్లో పోశారు. బరువుకు నౌకలు దిగబడి, నడుముకు కట్టిన ఉక్కు కవచం నీటి అడుగుకు పోయింది. గుండు తగలవలసిన చోట రేకు మిగిలింది. కవచం ఖర్చంతా చేపలను కాపాడ్డానికి పనికొచ్చింది.

ఆఫ్రికా తీరంలో ఆ బొగ్గును మనుషులే ఎత్తారు. బొగ్గు పొడి పోకుండా నోట్లో నార పీచు కుక్కుకుని, గోతాలు భుజాన వేసుకుని, భూమధ్యరేఖ ఎండలో. కూలిపోయినవాళ్ళున్నారు. అడుగున బాయిలర్ల దగ్గర బొగ్గు వేసేవాళ్ళను స్టోకర్లంటారు. నేను డీజిలు యుగం వాణ్ణి. అయినా ఇంజను గది వేడి ఎరుగుదును. మా పిల్లలకు ఆ వేడిని వర్ణించి చెప్పవలసిన పని రాలేదు. వాళ్ళ తండ్రులు లోతు గనుల్లో అలాంటి వేడిలోనే పనిచేశారు.

దళం మడగాస్కర్ ద్వీపం చేరింది. అక్కడ ఉండగానే కబురొచ్చింది. ఏ కోటను విడిపించడానికి బయలుదేరారో ఆ కోట లొంగిపోయింది, ఏ నౌకలను కలుసుకోవాలో అవి మునిగిపోయాయి. నా దృష్టిలో కథ మొత్తానికి కీలకం ఇక్కడ ఉంది. ప్రయాణానికి గమ్యమే లేకుండా పోయింది. తిరిగి రమ్మనే ఉత్తర్వు వస్తుందని దళమంతా చూసింది. రెండు నెలలకు పైగా అక్కడే కుళ్ళారు. ఎండ, జ్వరాలు, తాగుడు, నౌకల అడుగున గడ్డిలా పెరిగే నాచు. ఫిరంగి సాధనకు లక్ష్యాన్ని లాక్కుంటూ ఒక నౌక పోతే, లక్ష్యం తప్పి ఆ లాగే నౌకకు గుండు తగిలిందట. మందుగుండు తెస్తుందనుకున్న సరుకు ఓడలో చలికోట్లు, బూట్లు వచ్చాయని కూడా రాశారు. జార్ కొలువు మాత్రం ఖాళీగా కూర్చోలేదు. అతి పాత నౌకలు మరికొన్నింటిని తోకగా పంపింది. అవి శత్రువు అక్కర లేకుండా వాటంతటవే మునిగే రకమని నావికులే వెక్కిరించేవాళ్ళు.

ఇంజనీరుగా ఒక్కటి ఒప్పుకోవాలి. మడగాస్కర్ నుంచి మన హిందూ మహాసముద్రం అడ్డంగా దాటి, ఒక్క రేవులో ఆగకుండా, నడిసముద్రంలో పడవల మీద బొగ్గు మార్చుకుంటూ, అన్ని నాసిరకం ఇంజన్లను ఆగిపోకుండా లాక్కుపోవడం మామూలు విద్య కాదు. మరమ్మతు రేవు లేకుండా నేనైతే ఆ పని చేయగలిగేవాణ్ణి కానేమో. అడుగున ఉన్నవాళ్ళు తమ పని తాము చేశారు. వాళ్ళ నైపుణ్యమంతా వాళ్ళను చావు దగ్గరికి సకాలంలో చేర్చడానికి ఖర్చయింది. 1905 మే నెలాఖరులో, సుషిమా జలసంధిలో, జపాను దళం తీరిగ్గా ఎదురుచూసి ఒక మధ్యాహ్నం మొదలుపెట్టి మర్నాటికి పని ముగించింది. ఒక పెద్ద యుద్ధనౌక నుంచి ఒక్క మనిషి బయటపడలేదు. దెబ్బలు తిన్న నౌక తలకిందులైతే, ఇంజను గదిలో ఉన్నవాడికి ఏ తలుపు ఎటుందో తెలియదు. దళాన్ని నడిపిన అడ్మిరల్ గాయాలతో పట్టుబడ్డాడు, బతికి స్వదేశం చేరాడు. జార్ అసలు ఇల్లే కదలలేదు.

ఈ పాఠం మూడు తరగతులు నడిచింది. ఛైర్మన్ ఒకసారి కిటికీ దగ్గర నిలబడి విని, "చివర్లో ఓడిపోతారా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ భాగం సమావేశంలో వద్దన్నాడు.

సమావేశానికి వారం ముందు ఆయన మద్రాసు నుంచి శుభవార్త తెచ్చాడు. ఒక ఏజెంటు ద్వారా గల్ఫ్ రేవులో ఉన్న ఒక సరుకు ఓడ పదిమంది కేడెట్లను తీసుకుంటుంది. ఆ పదిమందిలో సురేశు పేరు మొదటిది. ఓడ ఫోటో పెద్దది చేయించి కార్యాలయంలో తగిలించాడు. రంగు కొత్తది, నీలం మీద తెల్లచార. నేను దాన్ని చాలాసేపు చూశాను. సరుకు లేక ఓడ నీళ్ళమీద ఎత్తుగా తేలుతోంది కాబట్టి, మామూలుగా మునిగి ఉండే భాగం కనిపిస్తోంది. అక్కడ రంగు కింద చదరపు గుర్తులు వరసగా ఉన్నాయి. పలకలను తుప్పు తినేసినచోట కొత్త రేకు మార్చకుండా పైన అతుకు వేసి వెల్డింగు చేస్తే అలా ఉంటుంది. ఒకటో రెండో అయితే సర్దుకోవచ్చు. అది బొంతలా ఉంది. గల్ఫ్‌లో పనిచేసే పాత సహోద్యోగికి ఫోను చేశాను. ఆ ఓడ రేవు బయట లంగరు వేసి చాలా కాలమైందని, పాత సిబ్బంది దిగిపోయారని, కొత్తవాళ్ళకోసం యజమాని వెతుకుతున్నాడని చెప్పాడు. అనుభవమున్నవాడెవడూ ఎక్కడు కాబట్టి కేడెట్లు కావాలి.

ఛైర్మన్‌కు ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "పాత వాడ అయితే ఇంగా మంచిది గదా సార్, రిపేరీలు బాగా నేర్చుకుంటారు" అన్నాడు. మునిగితే ఈత కూడా నేర్చుకుంటారని నేను అనలేదు. అనవలసింది.

సమావేశం ఆదివారం ఉదయం, బంగళా వెనక రేకుల షెడ్డులో. రాయల్పాడు వైపు నుంచి మామిడి తోటలవాళ్ళు ఇద్దరు వచ్చారు. మిగతా అందరూ ఊళ్ళోవాళ్ళే. ఛైర్మన్ పదిమందినీ ముందు వరసలో తెల్ల యూనిఫారంలో నిలబెట్టి, వెనక్కి తిరగని నౌకాదళం గురించి ఛీఫ్‌గారు చెబుతారని మైకు నాకిచ్చాడు.

నేను తెలుగులోనే చెప్పాను. చివరి భాగం వదలలేదు. అక్కడున్నవాళ్ళు గంటలకొద్దీ ఉపన్యాసాలు వినే అలవాటున్నవాళ్ళు కారు గనుక క్లుప్తంగా చెప్పాను. మడగాస్కర్ దగ్గరికి వచ్చేసరికి, మధ్య వరసలోంచి మునెమ్మ లేచింది.

"సార్, ఆ కోట పోయిందని తెల్సిపాయ గదా. ఇంగ యాడికి పోతా ఉండారు వాళ్ళు?"

ఎక్కడికీ కాదని, వెనక్కి పిలిస్తే చక్రవర్తికి తలవంపులని పిలవలేదని చెప్పాను.

"అడుగున బొగ్గేసేవాళ్ళకు చెప్పినారా, కోట పోయిందని?"

కబురు దాగలేదని, వాళ్ళకూ తెలిసిందని, కాని వాళ్ళను అడిగినవాడు లేడని చెప్పాను. ఆమె, కార్యాలయం నుంచి తెచ్చి షెడ్డులో తగిలించిన ఓడ ఫోటో వైపు చెయ్యి చూపింది.

"ఇప్పుడు ఈ వాడ సంగతి చెప్పండి సార్. మీరైతే ఎక్కుతారా?"

ఛైర్మన్ మైకు కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. ఎక్కనని చెప్పాను. ఎందుకు ఎక్కనో, ఆ చదరపు గుర్తులేమిటో, పాత సిబ్బంది ఎందుకు దిగిపోయారో, తెలిసినంత వరకు చెప్పాను. ఎవరినీ వెళ్ళవద్దని అనలేదు. నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు ఇచ్చాను.

షెడ్డులో గొడవేమీ జరగలేదు. అలాంటివి ఊహించుకునేవాళ్ళు నిరాశపడక తప్పదు. రాయల్పాడు రైతుల్లో ఒకాయన, మామిడి కాపు పోయిందని, ఏదో ఒక ఓడ అయినా చాలని, తన కొడుకు పోతాడని చెప్పాడు. మిగతావాళ్ళు తమలో తాము మాట్లాడుకున్నారు. మునెమ్మ ముందుకు వచ్చి కొడుకు మోచెయ్యి పట్టుకుంది. సురేశు చెయ్యి విడిపించుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మీరు ప్రపంచమంతా తిరిగొస్తిరి సార్. మేము బంగారుపేట దాటకూడదా?"

దాటాలన్నాను. ఆ ఓడలో కాదన్నాను.

"ఇంగో వాడ మీరు తెచ్చిస్తారా?"

తెచ్చివ్వలేను. అదే చెప్పాను. అతను టోపీ తీసి బల్ల మీద పెట్టి, తల్లి వెంట కాక, మరో గేటు గుండా వెళ్ళిపోయాడు.

జనం పోయాక ఛైర్మన్ నన్ను కార్యాలయంలోకి పిలిచాడు. అరవలేదు. నిజంగా బాధపడ్డాడు. "ఏం సార్, నాలుగు మంచి మాటలు చెప్పమంటే ఇట్లా చేస్తిరి. జనం ముందర నా మొగం ఏం గావాల?" అన్నాడు. నూరేళ్ళ కిందట జార్ కొలువులో కూడా సరిగ్గా ఈ మాటే అనుకుని ఉంటారు, ఇంతకంటే మంచి భాషలో. మర్నాటినుంచి రావద్దన్నాడు. నేనూ రాదలచుకోలేదు.

పదిమందిలో ఏడుగురు మానుకున్నారు. సురేశును వాళ్ళమ్మ పోనివ్వలేదు. ముగ్గురు వెళ్ళారు. ఓడ రెండో ప్రయాణంలోనే నడిసముద్రంలో ఇంజను ఆగి కొట్టుకుపోయింది. మరో ఓడ లాక్కొచ్చి ఒక పరాయి రేవులో వదిలింది. యజమాని ఫోను ఎత్తడం మానేశాడు. దిగడానికి అనుమతి లేదు, ఉండడానికి తిండి లేదు. ఆ రేవులోని దయగలవాళ్ళు పడవ మీద బియ్యం, నీళ్ళు పంపితే తిన్నారు. ముగ్గురూ ఇల్లు చేరేసరికి ఏడాది దాటింది. రాయల్పాడు కుర్రవాడు బిగుసుకుపోయిన ఇంజనును చేత్తో తిప్పబోయి కుడిచేతి వేళ్ళు రెండు పోగొట్టుకున్నాడు. వాళ్ళ నాన్న నా దగ్గరికి వచ్చి, నష్టపరిహారం ఏమైనా వస్తుందా అని అడిగాడు. నాకు తెలిసిన చోట్లన్నింటికీ రాశాను. ఏమీ రాలేదు.

సంస్థ మరో రెండేళ్ళు నడిచింది. ముగ్గురు ఓడెక్కారన్న సంగతిని ప్రకటనల్లో వేసుకున్నారు. దిగినప్పటి సంగతి వేయలేదు. తర్వాత ఆ బంగళాలో నర్సింగు స్కూలు పెట్టారు. ఛైర్మన్ దానికీ ఛైర్మనే.

సురేశు తర్వాత బెంగళూరులో లిఫ్టులు బిగించే కంపెనీలో మెకానిక్‌గా చేరాడు. పనిమంతుడని విన్నాను. వాళ్ళమ్మ కూడా చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఇంట్లో కొడుకు ఆమెను సాధించేవాడట. ఇప్పటికీ అతను బంగారుపేట స్టేషనులో ఎదురుపడితే తల తిప్పుకుంటాడు. ఆ ముగ్గురికి పట్టిన గతి తెలిసి కూడా. తానుంటే ఆ ఇంజను ఆగేది కాదని ఎవరితోనో అన్నాడట. కావచ్చు కూడా. మంచి ఇంజనీర్లందరూ అలాగే అనుకుంటారు. ఆ రష్యా స్టోకర్లూ అలాగే అనుకుని ఉంటారు.

ఇంజను గదిలో పగలకముందే నేను మార్చిన పైపులు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఏ కెప్టెన్‌కూ గుర్తులేదు. పగిలిన పైపును కట్టినవాణ్ణే అందరూ మెచ్చుకుంటారు. మనుషుల విషయంలోనూ అంతేనని ఆ ఏడు తెలిసింది. జరగని ప్రమాదానికి ఎవడూ కృతజ్ఞత చెప్పడు. ఆపినవాడి మీద కోపం మాత్రం మిగులుతుంది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు అది ముందే తెలుసుకుని రావాలి.